పాత ట్రాక్టరంటే తుక్కేనా?

సంపాదకులకు,

పాత ట్రాక్టర్లను తుక్కుకు వేయడమే మేలన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. మాసీ 1035 లాంటి బండ్లలో కంప్యూటరు లేదు. డీజిల్ లైనులో గాలి పడితే ఊరి మెకానిక్కే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు ఆగాక బిగించేస్తాడు. వీటిని చంపేది వయసు కాదు, అశ్రద్ధ. దమ్ము చేశాక గేరాయిల్ మజ్జిగలా తెల్లబడిందంటే సీలు దాటి నీళ్లు చేరినట్టే. వెంటనే ఆయిలు, సీలు రెండూ మార్చకపోతే బేరింగులు పోతాయి. దుక్కి రోజుల్లో ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిలు రోజూ చూడాలి. అది మడ్డి కట్టినా నడిపితే దుమ్ము లోపలికి పోయి లైనర్లు, రింగులు అరుగుతాయి. బ్లాకు పగిలితేనో, విడిభాగాలు దొరక్కపోతేనో అమ్ముకోవచ్చు. అంతవరకు కొత్త అప్పుకంటే పాత బండికి రిపేరే రైతుకు నయం.

— ఓ రైతు, మిర్యాలగూడ