సిలువ కింద అబద్ధం

కెనడా అనగానే మన కోస్తా విశ్వాసులకు కాకినాడ గుర్తొస్తుంది. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 1874లో అక్కడ సేవ ప్రారంభించారు. వారి బడుల్లో, ఆస్పత్రుల్లో మేలు పొందిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. అందుకు దేవునికి వందనాలు. అయితే అంతకు 340 ఏళ్ల ముందు ఆ కెనడా గడ్డ మీద ఒక సిలువను ఎలా నాటారో కూడా మనం తెలుసుకోవాలి.

1534 జూలై 24న ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే గాస్పే తీరంలో 30 అడుగుల సిలువ నిలబెట్టించాడు. దాని మీద ఫ్రాన్సు రాజచిహ్నం, రాజుకు జయమని రాత. నావికులు దాని చుట్టూ మోకరించి ఆకాశం వైపు చూపించారు. అక్కడి ప్రజల నాయకుడు దొన్నకోనా పడవలో ఓడ దగ్గరికి వచ్చాడు. రెండు వేళ్లతో సిలువ ఆకారం చూపి, చుట్టూ ఉన్న నేలంతా చూపించాడు. ఈ నేల మాది, మమ్మల్ని అడగకుండా దీన్నెందుకు నాటారని ఆయన భావం. ఓడలకు రేవు గుర్తు తెలియడానికే పెట్టామని కార్టియే సైగలతో చెప్పించాడు. దొన్నకోనా కుమారులిద్దరిని వెంట తీసుకుని ఫ్రాన్సుకు తిరిగి వెళ్లాడు. ఇది గిట్టనివారు పుట్టించిన నింద కాదు. ఆ యాత్రా వృత్తాంతంలోనే ఉంది.

మరుసటి ఏడు ఆ ఇద్దరితో మళ్లీ వచ్చాడు. నేటి మాంట్రియల్ ఉన్న చోట, హొషెలగా గ్రామస్థులు తమ రోగులను ఆయన ముందుకు మోసుకొచ్చారు. ఆయన యోహాను సువార్త మొదటి మాటలు చదివి వినిపించాడు. ఆ అధ్యాయంలోనే వాక్యం శరీరధారియై, కృపతోను సత్యంతోను నిండి మన మధ్య నివసించిందని ఉంది (యోహాను 1:14). చదివిన నోటిలో ఆ సత్యం నిలిచిందా?

ఆ చలికాలం నేటి క్విబెక్ దగ్గర ఓడలు మంచులో చిక్కుకున్నాయి. స్కర్వీ వ్యాధి సోకింది. చిగుళ్లు కుళ్లి, కాళ్లు వాచి, సుమారు 110 మందిలో 25 మంది చనిపోయారు. దొన్నకోనా కుమారుడు దొమగయా అదే జబ్బు నుంచి కోలుకున్నాడని చూసి, కార్టియే మందు అడిగాడు. అప్పుడు కూడా తమ బలహీనత బయటపడకూడదని, జబ్బు తన సేవకునికేనన్నట్టు చెప్పాడు. దొమగయా ఇద్దరు స్త్రీలను తోడు పంపి ఒక చెట్టు కొమ్మలు తెప్పించాడు. దాని బెరడు, ఆకులు మరిగించి తాగినవారు కొద్ది రోజుల్లోనే లేచి తిరిగారు.

ఆ మేలుకు బదులేమిటి? 1536 మే 3న, సిలువ పండుగ రోజున, కార్టియే ఇంకో పెద్ద సిలువ నాటించాడు. అదే రోజు దొన్నకోనాను, మందు చెప్పిన దొమగయాను, మరికొందరిని పట్టుకుని బంధించాడు. మొత్తం పదిమందిని ఫ్రాన్సుకు తీసుకెళ్లాడు. ఒక్కరూ తిరిగి స్వదేశం చేరలేదు. 1541 నాటికి ఒక చిన్నపిల్ల తప్ప అందరూ చనిపోయారు. అయినా ఆ ఏడు మళ్లీ వెళ్లిన కార్టియే, దొన్నకోనా మాత్రమే చనిపోయాడని, మిగతావారు పెళ్లిళ్లు చేసుకుని గొప్ప ప్రభువుల్లా ఉన్నారని, తిరిగి రావడం వారికి ఇష్టం లేదని వాళ్ల బంధువులతో చెప్పాడు.

అపొస్తలుడైన పౌలు కూడా ఓడలోనే వెళ్లాడు. ఓడ పగిలి మెలితే ద్వీపం చేరాడు. అన్యులైన ఆ ద్వీపవాసులు చలిలో నిప్పు రాజేసి ఆదరించారు. పౌలు అక్కడ ఏ జెండా పాతలేదు. జ్వరంతో పడి ఉన్న పొప్లి తండ్రి కోసం ప్రార్థించి, చేతులుంచి స్వస్థపరిచాడు (అపొ. కా. 28:1-10). మేలు పొందినవాడు మేలు చేసి వెళ్లాడు. సువార్త ప్రయాణమంటే అది.

అది రాజుల పాపం, సంఘానికేం సంబంధమని కొందరంటారు. ఆ మాట చాలదని మా అభిప్రాయం. క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్న సిలువను, ఇతరుల నేలను పట్టుకునే సరిహద్దు రాయిగా వాడటం దేవుని నామాన్ని వ్యర్థంగా వాడటమే. నేల కొత్తగా కనుగొన్నవారిదే అవుతుందన్న సిద్ధాంతానికి 15వ శతాబ్దపు పోపుల శాసనాలు ఆధారమయ్యాయి. ఆ సిద్ధాంతాన్ని నిరాకరిస్తున్నామని వాటికన్ 2023 మార్చి 30న ప్రకటించింది. ఆలస్యమైనా అది మంచి పని. పాపం ఒప్పుకుంటే సంఘం చిన్నబోదు. దాచిపెడితేనే సాక్ష్యం పోతుంది.

ఇది చదివి పరాయివాళ్లను తప్పుపట్టి ఊరుకుంటే మనకు లాభం లేదు. దేవుని పని కోసమే కదా అని మనమూ చిన్న చిన్న అబద్ధాలాడటం లేదా? బాప్తిస్మాల సంఖ్య పెంచి నివేదికలు రాసే కాపరులం మాలో లేమా? అడగకుండా పక్కవారి స్థలంలోకి ప్రహరీ జరిపి, దాని మీద సిలువ పెట్టిన సంఘాలు లేవా? గూడెంలో మన ఆకలి తీర్చిన పేద తల్లి పేరు, మన సేవా సాక్ష్యంలో ఎప్పుడైనా చెప్పామా?

జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకున్న రోజే, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). మన గోపురం మీద సిలువ ఎంత ఎత్తుందని ప్రభువు అడగడు. దాని కింద నిలబడి మనం పొరుగువానితో నిజం చెప్పామా అని అడుగుతాడు. ఈ ఆదివారం మందిరంలోకి అడుగుపెట్టే ముందు, ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుందాం.