ఇంటి కంప్యూటరు: హార్డ్ డిస్కు కనిపించనప్పుడు

పంజాగుట్టలో ఉండే మా బంధువు ఒకరు రంజాన్ పండుగ తరువాత ఒకనాడు సంచిలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అందులో ఆయన మర్హూమ్ తండ్రిగారి ఖుర్ఆన్ పారాయణం రికార్డింగులు, చెల్లెలి నికాహ్ ఫొటోలు ఉన్నాయి. మరెక్కడా నకలు లేదు. కంప్యూటరుకు తగిలిస్తే అసలు డిస్కు ఉన్నట్టే చూపడం లేదు. "అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఎవరికివ్వమంటారు భాయిజాన్?" అని అడిగారు.

"ఇప్పటికి ఎన్నిసార్లు తగిలించి చూశారు?" అన్నాను.

"లెక్కేమిటి! రెండు రోజులుగా అదే పని."

ఆ మాట వినగానే నాకు దిగులు కలిగింది. డిస్కు కనిపించకపోతే మనం మొట్టమొదట చేయవలసింది చెవి దగ్గర పెట్టుకొని వినడం. లోపలి పళ్లేలు నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతాయి. వాటిపై సమాచారం చదివే హెడ్‌కూ, పళ్లేనికీ మధ్య ఉండే ఎడం వెంట్రుక మందంలో వేలవంతు కూడా ఉండదు. టక్ టక్ మని ఒకే తీరున శబ్దం వస్తున్నదంటే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు తగిలించిన ప్రతిసారీ అది పళ్లేన్ని గీకే ప్రమాదం ఉంది. గీత పడిన చోట ఉన్న సమాచారాన్ని ఇక ఎవరూ తేలేరు. కనుక వెంటనే ఊడదీసి పక్కన పెట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పి చూడడం వంటి చిట్కాల జోలికి పోరాదు. ఒక్క ధూళికణం చాలు హెడ్‌ను పాడుచేయడానికి.

శబ్దం మామూలుగానే ఉంటే అంత భయం లేదు. తప్పు చాలాసార్లు కేబులుదే. కేబులు మార్చి చూడండి. హబ్‌లో గాని, డెస్క్‌టాప్ ముందువైపు ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో గాని కాక, వెనుకవైపు నేరుగా తగిలించండి. కరెంటు చాలకనే కొన్ని డిస్కులు లేవవు. కంప్యూటరు లోపలి డిస్కు అయితే సాటా కేబులు రెండు కొనలూ తీసి గట్టిగా అమర్చి, బయోస్‌లో దాని పేరు వస్తున్నదో లేదో చూడాలి.

బయోస్‌లో పేరుండి విండోస్‌లో కనిపించకపోతే, స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కొన్నిసార్లు డిస్కుకు అక్షరం కేటాయింపు మాత్రమే పోయి ఉంటుంది. అక్షరం ఇస్తే సరిపోతుంది. అయితే అక్కడే ఒక ఉచ్చు ఉంది. "ఇనిషియలైజ్ చేయమంటారా", "ఫార్మాట్ చేయమంటారా" అని విండోస్ ఎంతో మర్యాదగా అడుగుతుంది. లోపలిది కావాలనుకుంటే రెండింటికీ ఒప్పుకోకండి. అబ్బాయి మ్యాక్‌లో వాడిన డిస్కును ఇంట్లోని విండోస్‌కు తగిలించినా ఇదే ప్రశ్న వస్తుంది. అందులో లోపమేమీ ఉండదు!

కనిపించనంత మాత్రాన లోపలిది పోయినట్టు కాదనడానికి పెద్ద ఉదాహరణే ఉంది. సీగేట్ సంస్థ బరాకుడా 7200.11 డిస్కులు కొన్ని 2008-09 ప్రాంతంలో ఉన్నట్టుండి బయోస్‌కు కూడా కనిపించకుండా పోయాయి. లోపం డిస్కును నడిపే ఫర్మ్‌వేర్‌లో ఉంది. పళ్లేలపై సమాచారం అలాగే ఉంది. 2009 జనవరిలో సంస్థ తప్పును అంగీకరించి సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. ఆలోగా నిరాశతో డిస్కును పారవేసిన వారి సంగతి తలచుకోండి.

ఇక దుకాణం ప్రశ్న. కేబులో, అడాప్టరో మార్చడానికి ఏ దుకాణమైనా చాలు. టక్ టక్ మనే డిస్కును మాత్రం దుమ్ము చొరని క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ కేంద్రానికే ఇవ్వాలి. ముందు డిస్కు మొత్తాన్ని మరో డిస్కులోకి నకలు తీసి, ఆ నకలు మీదనే పని చేస్తారా అని అడగండి. ఇంటి ఆడవారి ఫొటోలు పరాయి చేతిలో అమానత్ అన్న సంగతి మరువరాదు. ఎవరు తెరుస్తారు, పని ముగిశాక తమ వద్ద ఉన్న ప్రతిని చెరిపివేస్తారా, పాత డిస్కు తిరిగి ఇస్తారా అన్నవి ముందే తేల్చుకొని రసీదుపై రాయించుకోవాలి. ఇందులో మొగమాటం పనికిరాదు.

మా బంధువు డిస్కు టక్ టక్ మన్నది. నేను ఇంకోసారి తగిలించలేదు, రికవరీ కేంద్రానికి పంపాను. మూడు వారాల తరువాత నికాహ్ ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. రికార్డింగులలో సగానికి పైగా రాలేదు. మొదటి రోజే ఆపి ఉంటే మరికొన్ని దక్కేవేమో, చెప్పలేము. దక్కిన వాటిని ఆయన రెండు డిస్కులలోకి ఎక్కించారు. ఒకటి తన దగ్గర ఉంచుకొని, రెండోది అమీర్‌పేటలోని చెల్లెలి ఇంట్లో పెట్టారు.