తల తిరిగింది మలుపుల వల్లేనా?

శీతాకాలం... తెల్లవారుజాము. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్‌ ఎక్కుతోంది ఓ పాత కారు. బయట మంచు, వణికించే చలి. అద్దాలన్నీ బిగించేశారు. సుంకి చేరకముందే వెనకసీట్లో పిల్లాడికి కడుపులో తిప్పడం మొదలైంది. వాళ్లమ్మకి తలనొప్పి. నానమ్మకి ఏదో మగత. 'ఘాట్‌ రోడ్డు కదా, పడదులే' అంటూ తలా ఓ నిమ్మకాయ చేతికిస్తారు. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ కారు కింద నుంచి 'టప్‌ టప్‌'మని చప్పుడు కూడా వస్తోందంటే మాత్రం నిమ్మకాయతో సరిపెట్టుకోకూడదు. సైలెన్సరు పైపు జాయింట్లు చూడాల్సిందే!

లారీ చెబుతుంది... కారు చెప్పదు

సాలూరంటేనే లారీల ఊరు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌ వెళ్లే జాతీయ రహదారి మీదున్న ఈ పట్టణంలో లారీని నమ్ముకుని బతికే కుటుంబాలెన్నో. పైపు జాయింట్‌లో పొగ లీకయితే లారీ డ్రైవరుకి తెలియడానికి ఎంతోసేపు పట్టదు. ఎందుకంటే టర్బో ఉన్న డీజిల్‌ ఇంజిన్‌లో ఆ టర్బోని తిప్పేది బయటికొచ్చే పొగే. అది టర్బోని చేరకముందే జాయింట్‌లోంచి తప్పించుకుంటే ఇంజిన్‌ బలం పడిపోతుంది. లోడుతో ఘాట్‌ ఎక్కుతుంటే బండి లాగదు, నల్లపొగ కక్కుతుంది. ఇంకేముంది... పక్కకి ఆపి స్పానరు తీయాల్సిందే.

టర్బో లేని పాత పెట్రోలు కారు అలా మొరాయించదు. లీకున్నా దాదాపు మామూలుగానే నడుస్తుంది. 'కాస్త చప్పుడు పెరిగింది, అంతేగా' అనుకుంటారు యజమానులు. అసలు చిక్కంతా అక్కడే.

పెట్రోలు పొగలో కార్బన్‌ మోనాక్సైడ్‌ ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. దాన్ని తగ్గించే కేటలిటిక్‌ కన్వర్టర్‌ మన దేశంలో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి అయింది 1995లో... అదీ ముందుగా నాలుగు మహానగరాల్లోనే. అంతకుముందు కార్లకు ఆ రక్షణ ఉండదు. పైపు చివర నుంచి పోయే పొగ గాలిలో కలిసిపోతుంది. అదే ముందు సీట్ల కిందున్న జాయింట్‌లోంచి వస్తే? తుప్పు పట్టిన ఫ్లోరు చిల్లుల్లోంచో, గేరు రాడ్డు దగ్గర చిరిగిన రబ్బరులోంచో కారులోకి చేరుతుంది.

గుర్తుపట్టడం ఎలా? ఘాట్‌ పడకపోవడం సాధారణంగా ఒకరిద్దరికే. కారులో ఉన్నవాళ్లకి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వచ్చి... దిగి గాలి పీల్చుకోగానే తేలికపడితే, ముందు కారునే అనుమానించాలి. ఎవరైనా స్పృహ తప్పేలా ఉంటే వెంటనే బయటికి దించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జాయింటే ఎందుకు?

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. దూరం వెళితే అది ఆవిరై పోతుంది. బజారు దాకా వెళ్లొచ్చే కారులో పైపు పూర్తిగా వేడెక్కదు కాబట్టి నీరు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది. దానికితోడు పైపు వేడికి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ ఉంటుంది. ఆ దెబ్బంతా జాయింట్‌ బోల్టులు, గాస్కెట్‌ మీదే.

గాస్కెట్‌ మార్చిన రెండు నెలలకే మళ్లీ లీకా? అయితే తప్పు దానిది కాదు. పైపుని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు తెగితే బరువంతా జాయింట్‌ మీదే పడుతుంది. ఇంజిన్‌ మౌంటింగ్‌ అరిగితే ఇంజిన్‌ ఊగిన ప్రతిసారీ జాయింట్‌ మెలిపడుతుంది. ముందు వాటి సంగతి చూడాలి.

వెతకండిలా...

పొద్దున్నే, ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట స్టార్ట్‌ చేయండి. మూసిన షెడ్డులో వద్దే వద్దు! కాసేపటికి చప్పుడు తగ్గినా లీకు పోయినట్టు కాదు. వేడికి లోహం సాగి సందు మూసుకుందంతే. చేతికి తొడుగు వేసుకుని, తడిపిన మందపాటి గుడ్డతో పైపు చివరను రెండు క్షణాలు అదమండి. లీకున్నచోట 'స్‌స్‌'మంటుంది. ఇంజిన్‌ ఆపి, చల్లారాక చూస్తే ఆ జాయింట్‌ చుట్టూ మసి మరక కనిపిస్తుంది.

బిగించండిలా...

కారుని జాకీ మీదే వదిలేసి కిందకి దూరకూడదు. స్టాండ్లు పెట్టాలి. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. మొరాయించే నట్టుని కొంచెం బిగించి, ఆ తర్వాత వదులు చేస్తే విరగకుండా వచ్చే అవకాశం ఎక్కువ. పాత గాస్కెట్‌లో ఆస్బెస్టాస్‌ ఉండొచ్చు. పొడిగా గీకి దుమ్ము లేపకుండా తడిపి తీయాలి. రెండు అంచులూ వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, కొత్త గాస్కెట్‌, కొత్త బోల్టులు వేయాలి. నట్లు ఇత్తడివైతే మళ్లీ పట్టేయవు.

అన్ని జాయింట్లూ ముందు వదులుగా పెట్టి, పైపు ఎక్కడా తగలకుండా సరిచూసి, ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ఒక బోల్టునే చివరిదాకా తిప్పేయకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా బిగిస్తే గాస్కెట్‌ సమంగా కూర్చుంటుంది. ఇంజిన్‌ ఒకసారి వేడెక్కి చల్లారాక మరోసారి చూసుకోవాలి.

రేకు చుట్టడం, పేస్టు పూయడం ఊరు చేరడానికే. ఒక పైపులోకి ఇంకో పైపు దూరే జాయింట్‌కైతే పేస్టు, క్లాంపు పనికొస్తాయి. బోల్టుల జాయింట్‌లో గాస్కెట్‌కి బదులు కాదు. ఇక పైపు గోడే పలచబడితే ఆ ముక్క మార్చడమే మేలు. జాయింట్‌ని వెల్డింగ్‌తో అతికించేస్తే ఈసారికి చప్పుడు ఆగుతుంది. వచ్చేసారి మాత్రం కోయాల్సిందే.

పని పూర్తయ్యాక ఫ్లోరు చిల్లులూ, గేరు రాడ్డు రబ్బరూ చూడటం మరవొద్దు. ఆ తర్వాత ఘాట్‌లో పిల్లాడికి కడుపులో తిప్పితే... అప్పుడు నిమ్మకాయ ఇవ్వొచ్చు!