పుష్పకమా? సంజీవని కొండా?

రామాయణంలో రెండు ఆకాశయానాలు లోకప్రసిద్ధాలు. రావణవధానంతరం సీతారామలక్ష్మణులను, వారి పరివారాన్ని అయోధ్యకు చేర్చిన పుష్పక విమానయానం ఒకటి. యుద్ధభూమిలో పడి ఉన్నవారి ప్రాణాలు నిలపడానికి రాత్రికి రాత్రి ఓషధీ పర్వతాన్ని పెకలించి తెచ్చిన హనుమంతుని యానం రెండవది. మొదటిది మనుషులను మోసింది. రెండవది మందులను మోసింది. కవులు రెండింటినీ సమానమైన భక్తితోనే వర్ణించారు. లోకంలో మాత్రం ఆ సమదృష్టి కొరవడింది. ప్రయాణికుల విమానం నడిపేవాణ్ణి పైలట్‌గా గౌరవించే జనం, సరకుల విమానం నడిపేవాణ్ణి ఆకాశంలో లారీ తోలేవాడిగా తలుస్తారు. ఈ చిన్నచూపు వెనుక ఉన్న అజ్ఞానం, వృత్తిని ఎంచుకోబోయే యువతీయువకులకు చేటు తెచ్చేది.

ఒకప్పుడు రాయలసీమలో ఈ ప్రశ్నకు తావే లేదు. వాన కోసం తప్ప మరి దేనికోసమూ ఆకాశం వైపు చూడని నేల అది. కాలం మారింది. 2015 జూన్‌లో కడప విమానాశ్రయం తిరిగి తెరుచుకుంది. చిన్న పట్టణాలకు విమానయానాన్ని అందించే 'ఉడాన్' పథకం కింద తొలి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుండి ఎగిరింది. ఆనాడే కడప – హైదరాబాదు మార్గంలోనూ ఆ పథకం ఆరంభమైంది. 2021 మార్చిలో కర్నూలుకు సమీపాన ఓర్వకల్లు రాళ్ల నడుమ మరో విమానాశ్రయం వెలసింది. దానికి రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. చేనిగట్టు మీద నిలబడి విమానం దిగడాన్ని చూసిన పిల్లలు ఇప్పుడు కళాశాలల్లో చదువుతున్నారు. వారిలో కొందరికి పైలట్ కావాలన్న కోరిక కలగడం సహజం.

ఆ కోరికకు వెల ఎక్కువ. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందాలంటే కనీసం 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఆ గంటలకు లక్షల రూపాయల ఖర్చు. లైసెన్సు చేతికి వచ్చినా సరిపోదు. ఏ రకం విమానం నడపదలచుకుంటే ఆ రకానికి ప్రత్యేక శిక్షణ పొందాలి. దానికి మళ్లీ డబ్బు కావాలి. పొలం అమ్మిగాని, బ్యాంకులో కుదువపెట్టిగాని ఈ మొత్తం కూడబెట్టే కుటుంబానికి, శిక్షణ తరువాత ఏ దారి పట్టాలన్నది హోదాకు సంబంధించిన ముచ్చట కాదు, బతుకుతెరువు సమస్య.

ఆ దారులలో మొదటిది ప్రాంతీయ విమాన సర్వీసు. డెబ్బై మంది వరకు కూర్చునే ఏటీఆర్ 72 వంటి రెక్కలపంకాల విమానాలు ఈ మార్గాలలో తిరుగుతాయి. ప్రయాణం గంటసేపు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా తక్కువ. ఈ కారణం చేత పైలట్ ఒకే దినంలో నాలుగైదు మార్లు ఎగిరి, నాలుగైదు మార్లు దిగవలసి రావచ్చు. దూరదేశాలకు పోయే పెద్ద విమానంలో వారానికి ఒకటి రెండు మార్లు లభించే అనుభవం ఇక్కడ ఒక్కరోజులోనే లభిస్తుంది. పైగా ఇక్కడి ప్రకృతి కఠినమైన గురువు. ఓర్వకల్లు రన్‌వే పొడవు 2000 మీటర్లు. సీమ ఎండలకు గాలి వేడెక్కి పలచబడితే రెక్కలకు ఆధారం తగ్గుతుంది, ఇంజన్ల సత్తువ కూడా తగ్గుతుంది. అప్పుడు బరువును, వేగాన్ని, రన్‌వే పొడవును సరిచూసుకొని నిర్ణయం తీసుకోవాలి. పుస్తకంలో చదివిన భౌతిక శాస్త్రం కళ్లెదుట నిలిచే సందర్భమిది. విమానానికి కెప్టెన్ కావడానికి కావలసిన ఉన్నత లైసెన్సుకు 1500 గంటల అనుభవం అవసరం. ఆ గంటలను ఇంత చదువుతో కూడబెట్టుకునే చోటు మరొకటి అరుదు.

అయితే ఈ బడి గోడలు గట్టివి కావు. తెలుగునాట ప్రాంతీయ విమాన సంస్థల చరిత్రే ఇందుకు సాక్ష్యం. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్తా 2017లో ఆగిపోయింది. 2015లో హైదరాబాదులో మొదలై, కడపకు ఉడాన్ విమానాలు నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో రెక్కలు ముడిచింది. చిన్న ఊళ్ల నుండి ప్రయాణికులు కొద్దిమందే. ఇంధనం ఖర్చు మాత్రం పెద్ద ఊళ్లకు తీసిపోదు. ఉడాన్ పథకంలో ప్రభుత్వం నష్టాన్ని పూడ్చేది ఒక్కొక్క మార్గానికి మూడేళ్ల వరకే. ఆ గడువు ముగిశాక సొంత బలంతో నిలవలేని మార్గం మూతపడుతుంది. సంస్థ మూతపడితే ప్రయాణికుడు రైలెక్కుతాడు. అప్పుచేసి వచ్చిన కో-పైలట్ ఎక్కడికి పోతాడు?

రెండవ దారి సరకుల విమానం. దీన్ని తక్కువగా చూసేవారు ఒక చారిత్రక సత్యాన్ని మరువరాదు. భారతదేశపు పౌర విమానయానానికి పునాది వేసింది సరకే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి ఒక చిన్న విమానంలో ఉత్తరాల సంచులు తెచ్చారు. ఆ ఉత్తరాలను నెవిల్ విన్సెంట్ అక్కడి నుండి బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. కర్నూలు, కడప, అనంతపురంతో కలిసి ఒకనాడు దత్తమండలాలుగా పిలవబడిన ప్రాంతంలోనిదే ఆ బళ్లారి. అనగా సీమకు తొలుత పరిచయమైన విమాన సర్వీసు జనాన్ని మోసినది కాదు, జాబులను మోసినది.

ఈనాటి సరకుల విమానం మందులను, యంత్రభాగాలను, సెల్‌ఫోన్లను, ఇంటి గడపకు చేరే కొనుగోళ్లను మోస్తుంది. కర్నూలు ఉల్లిగడ్డకు విమానయోగం లేదు. బరువెక్కువ, వెల తక్కువ కాబట్టి అది లారీనే నమ్ముకుంటుంది. కనుక సరకుల పైలట్‌కు స్వస్థలంలో కొలువు దొరకదు. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వంటి నగరాలే అతనికి కేంద్రాలు. ఈ రంగంలో నిలకడ లేకపోలేదు. 1996లో సొంత విమానాలతో ఎగరడం మొదలుపెట్టిన బ్లూడార్ట్ నేటికీ ఎగురుతూనే ఉంది. పతనం కూడా లేకపోలేదు. కెప్టెన్ గోపీనాథ్ 2009లో నాగపూరు కేంద్రంగా నెలకొల్పిన దక్కన్ 360 రెండేళ్లకే ఆగింది. 2020లో కరోనా మూలంగా దేశంలో ప్రయాణికుల విమానాలు రెండు నెలలు నేల విడువని వేళ, సరకుల విమానాలు మందులను, పరికరాలను మోస్తూనే ఉన్నాయి. సంజీవని కథ కేవలం పురాణం కాదని ఆ రోజులు చాటాయి.

సరకుల విమానానికి ఉన్న అసలు కష్టం చీకటి. సాయంత్రం మూట కట్టిన సరకు తెల్లవారేసరికి మరో నగరం చేరాలి. లోకం నిద్రించే వేళ పైలట్ మేల్కొని ఉండాలి. వేకువకు ముందు రెండు గంటల నుండి ఆరు గంటల వరకు దేహం విశ్రాంతిని గట్టిగా కోరుతుంది. ఎంత నేర్పరికైనా ఆ వేళలో చురుకుదనం సన్నగిల్లుతుంది. 2013 ఆగస్టు 14న అమెరికాలోని బర్మింగ్‌హామ్ నగరం వద్ద ఇంకా తెల్లవారకముందే ఒక సరకుల విమానం కూలి, ఇద్దరు పైలట్లూ మరణించారు. ప్రమాద కారణాలలో అలసట కూడా ఉందని విచారణలో తేలింది.

అలాగని అలసట సరకుల విమానాలకే పరిమితమని భావించడం పొరపాటు. అంతకు నాలుగేళ్ల ముందు, 2009 ఫిబ్రవరిలో, అదే దేశంలో బఫెలో నగరం చెంత ఒక ప్రాంతీయ విమానం కూలి 50 మంది ప్రాణాలు కోల్పోయారు. పైలట్ల నిద్రలేమి, చిన్న సంస్థలలోని కో-పైలట్ల అల్పవేతనాలు ఆ విచారణలో చర్చకు వచ్చాయి. దాని ఫలితంగా రూపొందిన విశ్రాంతి నియమాలు 2014 జనవరిలో అమలుకు వచ్చాయి. అయితే ఖర్చు పెరుగుతుందన్న కారణంతో సరకుల పైలట్లను వాటి నుండి మినహాయించారు. పెట్టెలకు ప్రాణం లేకపోవచ్చు. వాటిని మోసుకుపోయే ఇద్దరికి ప్రాణం ఉంది, వారి విమానం కింద నిద్రించే ఊళ్లకూ ఉంది. నిద్ర విషయంలో ఇద్దరు పైలట్లకు రెండు ధర్మాలు ఉండడం న్యాయం కాదు. మన దేశంలో 2025లో రెండు దశలుగా అమలైన కొత్త నియమాలు పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచాయి. ఇది మేలైన మార్గం. అయితే చట్టం ఇచ్చిన విశ్రాంతిని వృథా చేయకుండా నిద్రించే క్రమశిక్షణ పైలట్‌కు కూడా ఉండాలి.

ఈ మంచిచెడ్డలను తూచి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. కొత్తగా లైసెన్సు పొందినవారికి తొలి కొలువుగా ప్రాంతీయ విమానమే శ్రేయస్కరం. అక్కడ పని నేర్పు అబ్బుతుంది. రాత్రి నిద్ర కొంతవరకైనా దక్కుతుంది. ఆ అనుభవం గడించిన తరువాత, తన దేహం రాత్రి మెలకువను ఓర్చుకోగలదని తెలుసుకున్నవారు సరకుల విమానానికి మారితే అందులో తరుగేమీ లేదు. ఆర్థికబలం లేని సంస్థలో చేరడానికి మాత్రం కొత్తగా అప్పు చేయరాదు. ఉద్యోగం దొరకడమే గగనమైన రోజుల్లో ఇన్ని ఎంపికలు ఎక్కడివని కొందరు అడగవచ్చు. ఆ మాట కొంత నిజం. సరకుల విమానంలోనే తొలి అవకాశం లభిస్తే నిస్సంకోచంగా స్వీకరించవలసిందే. కాని పెళ్లిపందిట్లో బంధువులు ఏమంటారోనన్న శంకతో దాన్ని వదులుకోవడం, టోపీ మెరుపులు చూసి నిలకడలేని సంస్థలో చేరడం – రెండూ అవివేకాలే.

ఈ వివేకం సీమ రైతుకు కొత్త కాదు. వాన మీద నమ్మకం చాలని చోట అతడు వేరుశనగ ఒక్కటే వేసి ఊరుకోడు. నడుమ కంది సాళ్లు కూడా వేస్తాడు. ఒక పంట ఎండినా మరొకటి ఇల్లు నిలుపుతుంది. అదే చేను అమ్మి చదివించిన బిడ్డ ఆ రైతు తెలివిని మాత్రం అమ్ముకోరాదు. రెండు దారులనూ తెలుసుకొని, ఒకటి మూసుకుపోతే మరొకటి పట్టడానికి సిద్ధంగా ఉండాలి. పైలట్ గౌరవం వెనుక ఉన్న బరువులో లేదు. ముందు కూర్చున్నవాని మెలకువలో ఉంది. హనుమంతుడు తెచ్చిన కొండలో ప్రయాణికుడు ఒక్కడూ లేడు. అయినా ఆ రాత్రి ఆ కొండ కోసం ఎదురుచూసినంతగా రామలక్ష్మణుల సేన మరి దేనికోసమూ ఎదురుచూడలేదు.