ద్వంద్వయుద్ధ క్రీడలకు రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ కావలెను

ఆటగాండ్రకు, నిర్మాతలకు, పోటీల నిర్వాహకులకు విజ్ఞప్తి



స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ వంటి ద్వంద్వయుద్ధ వీడియో క్రీడలలో తెరపై బొమ్మ సెకనుకు 60 మారులు మారును; ఒక్కొక్క ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకనులు మాత్రమే నిలుచును. స్ట్రీట్ ఫైటర్ 6 లో మిక్కిలి వేగవంతమైన గుద్దు 4 ఫ్రేములలో తగులును. ప్రత్యర్థి దెబ్బను కాచుకొనిన పిమ్మట తిరిగి కొట్టుటకు లభించు స్వల్పావకాశమును అందిపుచ్చుకొనుటకై నెలల తరబడి చేసిన సాధనను నెట్‌వర్కు జాప్యము నిష్ఫలము గావించుట అన్యాయమని మా దృఢవిశ్వాసము.

పింగు, అనగా వార్త పోయి మరలివచ్చు కాలము, 100 మిల్లీసెకనులున్నచో, ఒకరు నొక్కిన బటను వార్త రెండవవారికి చేరుటకు సుమారు 50 మిల్లీసెకనులు, అనగా 3 ఫ్రేములు పట్టును. నెట్‌కోడులో, అనగా ఇద్దరి యంత్రములను నెట్‌వర్కుపై కలుపు కోడులో, పాత పద్ధతి ననుసరించిన క్రీడలు ఆ వార్త అందువరకు మన బటనును గూడ ఆపియుంచును. లైను తడబడినపుడెల్ల ఆట నత్తనడక నడచును. సాధనలో ఎన్నడును తప్పని కాంబో (దెబ్బల వరుస) అసలు పోటీలో జారిపోవును.

రోల్‌బ్యాక్ పద్ధతిలో మన బటను ప్రత్యర్థి వార్తకై వేచియుండక పనిచేయును. ప్రత్యర్థి క్రిందటి ఫ్రేములో నొక్కినదే ఇంకను నొక్కుచున్నాడని ఊహించి యంత్రము ఆటను సాగించును. ఊహ తప్పినచో, దాచియుంచిన పూర్వస్థితికి మరలి, నిజముగా నొక్కిన బటనులతో ఆ ఫ్రేములను తిరిగి లెక్కించి, రెప్పపాటులో వర్తమానమును చేరుకొనును.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని ఈవో అను ద్వంద్వయుద్ధ క్రీడల పోటీల వ్యవస్థాపకులలో ఒకరైన టోనీ కానన్ 2006 ప్రాంతమున రూపొందించిన జీజీపీఓ అను రోల్‌బ్యాక్ సాఫ్ట్‌వేరును 2019లో ఎల్లరకు ఉచితముగా నొసగెను. మహమ్మారి కాలమున, 2020 ఈవోను ఆన్‌లైనునకు మార్చదలచిన నిర్వాహకులు రోల్‌బ్యాక్ లేని స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌ను విడిచి, రోల్‌బ్యాక్ కల నాలుగు ఆటలను చేర్చిరి. ఆ పోటీ అన్యకారణములచే రద్దైనను, ఆ నిర్ణయము సమంజసమైనది.

ఆట స్థితిని క్షణక్షణము భద్రపరచి, ఒక్క ఫ్రేము వ్యవధిలో పలు ఫ్రేములను తిరిగి లెక్కించుట వ్యయప్రయాసలతో కూడినదని నిర్మాతలందురు. నిజమే, కావుననే దానిని పునాదిలోనే యోచింపవలెను. ఐనను, 2001 నాటి స్మాష్ బ్రదర్స్ మెలీకి 2020లో స్లిప్పీ అను సాఫ్ట్‌వేరు ద్వారా అభిమానులే రోల్‌బ్యాక్‌ను సమకూర్చియుండగా, మూలకోడు చేతనున్న సంస్థలకు అది అసాధ్యమనుట ఎట్లు చెల్లును? జపానులోని ఆర్క్ సిస్టమ్ వర్క్స్ 2021లో గిల్టీ గేర్ స్ట్రైవ్‌ను ఈ పద్ధతితోనే విడుదల చేసినది.

కావున మేము కోరునవి ఇవి:

1. క్రొత్తగా నిర్మించు ప్రతి ద్వంద్వయుద్ధ క్రీడయందు రోల్‌బ్యాక్ మొదటినుండియు ఉండవలెను.

2. ఇంకను ఆడబడుచున్న పాత క్రీడలకు దానిని చేర్పవలెను.

3. ఆటకు పూర్వమే ప్రత్యర్థి పింగును, అతడు కేబులుపై ఉన్నాడో వైఫైపై ఉన్నాడో చూపవలెను.

4. ఆన్‌లైను పోటీల నిర్వాహకులు నెట్‌కోడును పరీక్షించిన పిమ్మటనే ఆటలను ఎంపిక చేయవలెను.

చుట్టుపట్ల సమవుజ్జీ దొరకని విజయవాడ ఆటగానికైనను, వరంగల్లు ఆటగానికైనను ఆన్‌లైనే సాధనశాల. కావున ఆటను కొనుటకు ముందు దాని నెట్‌కోడు ఎట్టిదో విచారింపుడు; లోపమున్నచో నిర్మాతలకు వ్రాయుడు; మీ ఇంట వైఫైని విడిచి కేబులును తగిలింపుడు. కొనువారు పట్టుబట్టినగాని అమ్మువారు మారరు.