నీళ్లున్న సీమలో గాలి ఇంజన్లు: పట్టేస్తే నష్టం రైతుకే

నందివాడ (మా విలేఖరి నుండి): రేడియేటరు లేదు, నీళ్లు పోసే పని లేదు, బరువు తక్కువ అన్న మాటలు విని గాలితో చల్లబడే డీజిలు ఇంజన్లు కొన్న రైతులు ఈ ప్రాంతంలో ఉన్నారు. గంటో రెండు గంటలో తిప్పి ఆపేసే పనికి వాటిని తప్పు పట్టనక్కరలేదు. రాత్రింబవళ్లు ఆగకుండా నీరు తోడవలసి వచ్చినప్పుడే చిక్కంతా.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఈ విలేఖరి బావమరిది అటువంటి ఇంజనుతోనే చేలో నీరు బయటకు తోడించాడు. వానకు తడవకుండా మీద టార్పాలిన్ కప్పాడు. రెండోనాడు తెల్లవారుజామున ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే పిస్టను సిలిండరును కరచుకుని ఉంది. సిలిండరు చుట్టూ ఉండే రెక్కల సందుల్లో బురద, గడ్డిపరకలు, కారిన డీజిలు కలిసి గట్టిపడి ఉన్నాయి. కప్పి తిప్పితే మా పూచీ లేదన్నారు అమ్మిన దుకాణం వారు. ఆ మాట అమ్మేనాడు చెప్పలేదు.

ఒక డిగ్రీ వేడెక్కడానికి కిలో గాలి కంటే కిలో నీరు నాలుగు రెట్లు వేడిని పీల్చుకుంటుంది. అందుకే గాలి ఇంజనుకు రెక్కలు శుభ్రంగా ఉండాలి, ఫ్యాను గట్టిగా ఊదాలి. నూర్పిళ్లలో ఊక, తాలు చేరినా, ఫ్యాను బెల్టు వదులైనా వేడి లోపలే ఉండిపోతుంది. మే నెల ఎండలో పీల్చే గాలే వేడి. టార్పాలిన్ కింద పెడితే తాను వదిలిన సెగనే మళ్లీ పీల్చుకుంటుంది. అన్నింటికన్నా ప్రమాదం, ముందుగా హెచ్చరించకపోవడం. నీటి ఇంజను మరిగితే ఆవిరి లేస్తుంది, గట్టు మీది కాపలా మనిషికీ కనబడుతుంది. చిన్న గాలి ఇంజన్లకు సాధారణంగా వేడి చూపే మీటరు ఉండదు. ఆయిలు పలచబడి, రింగులు అరిగి, పొగ పెరిగాక గాని సంగతి తెలియదు.

అయినా రైతులు వీటివైపు మొగ్గడానికి ఒక కారణం ఉప్పునీటి భయం. డెల్టా దిగువన బోరు నీరు చాలాచోట్ల ఉప్పన. అది ఇంజనులో పోస్తే లోపల తుప్పు పడుతుంది. ఆ భయం నిజమే గాని, మంచినీరు, కూలెంటు కలిపి పోసిన రేడియేటరు ఉంటే ఉప్పునీటితో పనేముంది? కాలువ నీరు తోడేచోట పంపు నుంచే చిన్న గొట్టంతో నీటిని ఇంజను చుట్టూ తిప్పే పాత పద్ధతీ ఉంది. ఒండ్రు చేరకుండా జాలీ కట్టుకోవాలి.

1959లో ఫరీదాబాదులో తయారైన మన దేశపు తొలి ట్రాక్టరు ఐషర్ జర్మనీ సంస్థ సహకారంతో వచ్చింది. ఆ సంస్థ గాలి ఇంజన్లకు పేరుపడినదే. నీరు గడ్డకట్టే చలిదేశంలో అది వరం. గుడివాడ ఎండకు ఆ లెక్క వేరు. వీపున మోసే స్ప్రేయరుకు మాత్రం ఇక్కడా గాలి ఇంజనే తగును, రేడియేటరు మోస్తూ ఎవరు మందు కొడతారు?

ఇప్పటికే కొన్నవారు రోజూ ఇంజను చల్లారాక రెక్కలు శుభ్రం చేసుకోవాలి. వేడి మీద నీళ్లు చల్లితే హెడ్డు పగలవచ్చు. పైన కప్పు ఎత్తుగా, నాలుగు వైపులా ఖాళీగా ఉంచాలి. ఆయిలు గడువుకు ముందే మార్చడం మంచిది.

బావమరిది ఈసారి రేడియేటరున్న ఇంజను తెచ్చుకున్నాడు. పాతది పశువుల పాకలో ఉంది, ఇంతవరకు బేరానికి ఎవరూ రాలేదు.