తిరుగుబాటు కవులను గూర్చి యే పుస్తకము చదువవలెను?

పదవ తరగతి విద్యార్థి యొకడు మా యొద్దకు వచ్చి, అమెరికా దేశమున తొలినాళ్ల పంక్ సంగీతమును గూర్చి తెలుపు మంచి పుస్తక మేదియని యడిగెను. న్యాల్‌కల్‌లో నిట్టి ప్రశ్న వినుట మాకు ముదావహమే గాని, ఆ సంగీతము పేరు వినినంతనే చెవులు మూసికొను తలిదండ్రులు కలరని యెఱుగుదుము.

1970 దశకమున న్యూయార్కు నగరమందు, బవరీ వీధిలోని సి.బి.జి.బి. అను చిన్న పానశాలలో, సంగీతాభ్యాసము అంతగా లేని యువజనులు పలువురు తమ యాగ్రహమును బిగ్గఱగా పాడిరి. లెగ్స్ మెక్‌నీల్, జిలియన్ మెక్కెయిన్ అనువారు 1996లో ప్రకటించిన ‘ప్లీజ్ కిల్ మీ’ యను గ్రంథమున ఆనాటివారి మాటలే కూర్పబడినవి. మంచి గ్రంథమే, మత్తుమందుల ముచ్చటలు మెండు గావున బాలురకు దగదు. పాటీ స్మిత్ 2010లో ప్రకటించిన ‘జస్ట్ కిడ్స్’ యను స్మృతిగ్రంథమును పాఠశాల చదువు ముగించినవారు చదువవచ్చును.

ఈ రెండు పేళ్లు చెప్పి, అట్టి యలజడి దాదాపు పదేండ్లు ముందుగా మన తెలుగునాటనే కవిత్వమందు పుట్టినదని చెప్పితిమి. వాడు నమ్మలేదు.

1965 మే 6వ తేదీ అర్ధరాత్రమున హైదరాబాదులో, దిగంబర కవుల మొదటి సంపుటమును నాంపల్లి పాండు అను రిక్షా కార్మికుడు ఆవిష్కరించెను. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను నీ యాఱుగురు తలిదండ్రులు పెట్టిన పేళ్లు విడిచి క్రొత్తవి దాల్చిరి. వారములకును ఋతువులకును సైతము తమ సొంత పేళ్లు పెట్టుకొనిరి. 1966లో విజయవాడయందు రెండవ సంపుటము, 1968లో విశాఖపట్టణమందు మూడవది వెలువడెను. అంతటితో సరి. 1970లో విప్లవ రచయితల సంఘ మేర్పడగా వీరిలో నలుగు రందు జేరిరి. చెరబండరాజు మావలెనే బడిపంతులు. చెఱసాల పాలై, వ్యాధిగ్రస్తుడై 1982లో మరణించెను.

వీరిని గూర్చి వ్రాయువారిలో కొందఱు నాలుగు మోటుమాట లేరి చూపి ఛీకొట్టుదురు. కొందఱు హారతు లిత్తురు. ఇవి రెండును మంచి పుస్తకములు కావని మా యభిప్రాయము. ముందుగా ఆ మూడు సంపుటములనే చదువవలెను. మాకు రుచింపనివి వానిలో కలవు. ఆఱుగురును పురుషులే, స్త్రీ దేహమును తిట్టున కుపమానముగా దెచ్చిన చోట్ల వారి యాగ్రహము దారి తప్పినది. ఈ మాట చెప్పుటకు జంకు విమర్శగ్రంథమును మేము కొనము.

భాష కఠినమైనంత మాత్రమున పుస్తకమును పాఠశాల గడప దాటనీయరాదనువారు యెషయా గ్రంథము 20వ అధ్యాయమును తెఱచి చూతురు గాక. ఆ ప్రవక్త మూడు సంవత్సరములు వస్త్రహీనుడై, పాదరక్షలు లేక నడచెను. దిగంబర కవుల కాలమును మూడు సంవత్సరములే. కాకతాళీయమే గాని వింతగా నున్నది. ఆమోసు మాత్రము తన కాలపు భక్తిగీతములను మెచ్చుకొనెనా?

ఆ సంపుటములు దొరకుట సులభము కాదు. హైదరాబాదున అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున విచారింపవచ్చును. ఆదివారము అబిడ్సు కాలిబాటపై పఱచు పాత పుస్తకములలో వెదకవచ్చును. సెలవులలో పట్నము పోవు తలిదండ్రులకు కనబడినచో మా పాఠశాలకు నొక ప్రతి తెచ్చి యీయుడు. పై తరగతి పిల్లలతో గూర్చుండి మేమే చదివింతుము.